మీసాన్ల పుట్టుకకు ధ్రువిత కాంతి సాక్ష్యం

ప్రోటాన్ మీద తగినంత శక్తి ఉన్న గామా కిరణం పడితే మీసాన్ పుడుతుంది. ఈ సంగతి 1949 నుంచీ తెలిసిందే. ఆ ఏడాది అమెరికాలోని బర్క్‌లీలో మెక్‌మిలన్, పీటర్సన్, వైట్ ఎలక్ట్రాన్ సింక్రోట్రాన్ నుంచి వచ్చిన కిరణాలతో పైయాన్లను పుట్టించారు. 1950లో అక్కడే స్టైన్‌బర్గర్, పనోఫ్‌స్కీ, స్టెల్లర్ విద్యుదావేశం లేని పైయాన్‌ను, అది విడిపోయి ఇచ్చే రెండు ఫోటాన్ల జాడతో పట్టుకున్నారు. అప్పటి నుంచి ఏ శక్తి దగ్గర, ఏ కోణంలో ఎన్ని మీసాన్లు వస్తాయో చెప్పే పట్టికలు పేరుకుంటూనే ఉన్నాయి. ఆ పట్టికలు ఒక ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబివ్వవు. ఫోటాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య అటూ ఇటూ మారిన కణం ఏది? మీసాన్ ఏ దారిన పుట్టింది?

కువైట్‌లోని హవల్లీ నుంచి ఊళ్లో ఇంటికి ఎంత డబ్బు చేరిందో చెబితే, అది ఎక్స్చేంజి ద్వారా వెళ్లిందో, సెలవు మీద వెళ్తున్న మనిషి చేతికిచ్చి పంపిందో తెలియదు. మీసాన్ల లెక్క కూడా ఇలాంటిదే. ఎంత చేరిందన్నది ఒక కొలత, ఎవరి చేతుల మీదుగా చేరిందన్నది మరొక కొలత. ఈ రెండో కొలతకు దారి చూపించింది ధ్రువిత ఫోటాన్ కిరణం. అరవై ఏళ్లుగా ఆ కిరణం తేలిక మీసాన్ల గురించి ఏం తేల్చింది, ఏం తేల్చలేదు అన్నదే ఈ సమీక్ష విషయం. తేలిక మీసాన్లంటే అప్, డౌన్, స్ట్రేంజ్ క్వార్కులతో, వాటి ప్రతిక్వార్కులతో ఏర్పడేవి. పైయాన్, కేయాన్, ఈటా, రో, ఒమేగా, ఫై ఆ కుటుంబంలోవే.

రెండుసార్లు వెలుగు, రెండుసార్లు చీకటి

ధ్రువణం అంటే ఏమిటో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధి కంప్యూటర్ దుకాణాల్లో ఎల్‌సీడీ తెరలు వరుసగా వెలుగుతుంటాయి. వాటిలో ఒకదాని ముందు పోలరైజ్డ్ చలవ కళ్లద్దం పట్టుకుని, తెరకు ఎదురుగానే మెల్లగా తిప్పితే ఒక కోణంలో తెర మామూలుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి 90 డిగ్రీలు తిరిగేసరికి నల్లబడిపోతుంది. ఇంకో 90 తిరిగితే మళ్లీ వెలుగు, ఆ తర్వాత మళ్లీ చీకటి. పూర్తి చుట్టుకు వెలుగు రెండుసార్లు, చీకటి రెండుసార్లు. తెర నుంచి వచ్చే కాంతిలో విద్యుత్ క్షేత్రం ఒకే గీత వెంబడి ఊగుతుంది. గీతకు బాణంలా ఒక కొస అంటూ ఉండదు కాబట్టి 180 డిగ్రీలు తిప్పితే మళ్లీ అదే గీత అవుతుంది. గణితంలో దీన్ని రెట్టింపు కోణపు కొసైన్‌గా రాస్తారు.

మీసాన్ ప్రయోగాల్లో లెక్కించేదీ ఇదే ఆకృతి. ఒకే గీత వెంబడి ఊగే గామా కిరణాన్ని ద్రవ హైడ్రోజన్ మీదికి పంపుతారు. పుట్టిన పైయాన్లు కిరణం చుట్టూ ఏ కోణంలో ఎన్నెన్ని పోయాయో లెక్కిస్తారు. కోణంతో పాటు ఆ లెక్క రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఆ ఎత్తుపల్లాల లోతు రెండు సంఖ్యల లబ్ధం. ఒకటి కిరణంలో ధ్రువణం ఎంత పాళ్లు అన్నది. రెండోది ఆ చర్యకు సొంతమైన సంఖ్య. దాన్ని కిరణ అసౌష్ఠవం అంటారు, సిగ్మా అక్షరంతో రాస్తారు. దాని విలువ మైనస్ 1 నుంచి ప్లస్ 1 లోపు ఉంటుంది.

ఈ సంఖ్యకు ఇంత విలువ ఎందుకొచ్చిందో 1964లో జర్మన్ సిద్ధాంతకర్త స్టిచెల్ చూపించారు. అధిక శక్తుల దగ్గర ఫోటాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య మారే కణాలు రెండు తెగలు. రో, ఒమేగాల్లా స్పిన్‌కూ పారిటీకీ పొత్తు కుదిరినవి సహజ పారిటీ తెగ. పైయాన్, బి-1ల్లా అది కుదరనివి అసహజ పారిటీ తెగ. పైయాన్, ఈటా వంటి స్పిన్ లేని మీసాన్లు పుట్టే చర్యలో మొదటి తెగ ఒక్కటే పనిచేస్తే సిగ్మా ప్లస్ 1 వైపు పోతుంది. రెండో తెగ ఒక్కటే అయితే మైనస్ 1 వైపు పోతుంది. అంటే చేతులు మార్చిన కణం తెగ సిగ్మా గుర్తులోనే కనిపిస్తుంది.

ఫోటాన్ స్పిన్, భగవంతం

ఈ వాదమంతా ఫోటాన్ స్పిన్ 1 అన్న విషయం మీద నిలబడింది. దాన్ని ప్రయోగంతో రుజువు చేసిన తొలి ప్రయత్నాల్లో ఒక తెలుగువాడి చేయి ఉంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, 1931లో కలకత్తాలో సి.వి. రామన్‌తో కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగ రుజువు పేరిట ఒక పత్రం వెలువరించారు. పరిక్షేపణ చెందిన కాంతి ధ్రువణం ఎంత చెదిరిందో కొలిచి, ఫోటాన్‌కు ఒక యూనిట్ స్పిన్ ఉందని వాళ్లు వాదించారు. కాంతికి కోణీయ ద్రవ్యవేగం ఉందని నేరుగా యాంత్రికంగా కొలిచింది 1936లో ప్రిన్స్‌టన్‌లో బెత్. భగవంతం తర్వాత వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, ఉస్మానియాకు, ఆపైన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వెళ్లారు. మీసాన్ ప్రయోగాల జోలికి ఆయన పోలేదు. కానీ ఆ ప్రయోగాల్లో ఫోటాన్‌ను ఎందుకు వాడుతున్నారో అర్థం కావాలంటే ఆయన పట్టుకున్న అంశమే కావాలి. స్పిన్ 1 ఉంది కాబట్టే ఫోటాన్‌ను ఒక గీత వెంబడి ఊగేలా గానీ, కుడికో ఎడమకో తిరిగేలా గానీ తయారు చేయవచ్చు.

దీనికి ఇంకో పర్యవసానం కూడా ఉంది. రో, ఒమేగా, ఫై మీసాన్లకూ స్పిన్ 1, పారిటీ కూడా ఫోటాన్‌దే. అధిక శక్తి ఫోటాన్ ప్రోటాన్‌ను తాకేవేళ తాత్కాలికంగా ఈ మీసాన్లలో ఒకటిగా ప్రవర్తిస్తుందని 1960లో సకురాయ్ ప్రతిపాదించారు. అందుకే పైయాన్ కిరణం అంత సులువుగా పుట్టించలేని కొన్ని మీసాన్ స్థితులను ఫోటాన్ కిరణం సులువుగా పుట్టిస్తుందన్న ఆశ కలిగింది. ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందో తర్వాత చూద్దాం.

కిరణం తయారీలో రెండు దారులు

ధ్రువిత గామా కిరణాన్ని తయారు చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది వజ్రం దారి. ఎలక్ట్రాన్ మామూలు లోహపు రేకు గుండా పోతే వచ్చే గామా కిరణాలకు ధ్రువణ దిశ అంటూ ప్రత్యేకంగా ఉండదు. స్ఫటికం గుండా సరైన కోణంలో పోతే, ఎలక్ట్రాన్ తన్నిన తాపును ఒక్క పరమాణువు కాకుండా స్ఫటికం మొత్తం పంచుకుంటుంది. అప్పుడు కొన్ని శక్తుల దగ్గర కిరణం గుమిగూడుతుంది, ధ్రువణమూ వస్తుంది. ఈ సిద్ధాంతం 1950లలో ఫెరెట్టి, యూబెరాల్ వంటి వారిది. 1960ల మొదట్లో ఇటలీలోని ఫ్రస్కాటీలో అది ప్రయోగంగా రుజువైంది. వజ్రాన్నే ఎంచుకోవడానికి కారణం దాని బిగువు. పరమాణువులు కంపించే వ్యాప్తి తక్కువ కాబట్టి స్ఫటికం క్రమం చెదరదు.

రెండోది లేజర్ దారి. వేగంగా ఎదురొచ్చే ఎలక్ట్రాన్లను లేజర్ కాంతి ఢీకొని వెనక్కి మళ్లితే దాని శక్తి కోట్ల రెట్లు పెరుగుతుంది, లేజర్ ధ్రువణం దాదాపు చెక్కుచెదరకుండా మిగులుతుంది. మిల్‌బర్న్, అరుత్యున్యన్, తుమాన్యన్ 1963లో దీన్ని సూచించారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ వలయం దగ్గర గ్రాల్, జపాన్‌లోని స్ప్రింగ్-8 వలయం దగ్గర లెప్స్ ఈ దారిన నడిచినవే. గ్రాల్ 1.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (జీఈవీ) దాకా, లెప్స్ 2.4 జీఈవీ దాకా కిరణాన్ని అందించాయి.

రెంటిలో ఏది మేలన్నది శక్తిని బట్టి ఉంటుంది. లేజర్ దారిలో ధ్రువణం గరిష్ఠ శక్తి దగ్గర నూటికి నూరుకు చేరువగా ఉంటుంది, కానీ శక్తికి హద్దుంది. లెక్క వేస్తే 12 జీఈవీ ఎలక్ట్రాన్ల మీద ఆకుపచ్చ లేజర్ వేసినా వచ్చే గామా కిరణం 3.7 జీఈవీ దాటదు. అదే ఎలక్ట్రాన్లు వజ్రంలోంచి పోతే 8, 9 జీఈవీ దగ్గర ధ్రువిత కిరణం దొరుకుతుంది. కాకపోతే ధ్రువణం 35 నుంచి 40 శాతమే.

గల్ఫ్ పాఠకులకు ఈ లెక్కలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఈ ప్రాంతపు ఉమ్మడి ఎలక్ట్రాన్ వలయం జోర్డాన్‌లోని సెసమే. 2017లో ప్రారంభమైన ఆ సంస్థలో కువైట్ పరిశీలక దేశం. అక్కడి ఎలక్ట్రాన్ల శక్తి 2.5 జీఈవీ, మన ఇందౌర్‌లోని ఇండస్-2 వలయానిదీ అంతే. ఆ శక్తి దగ్గర అతినీలలోహిత లేజర్‌తో వచ్చే గామా కిరణం దాదాపు 300 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 0.3 జీఈవీ. పైయాన్ పుట్టడానికి 0.15 చాలు. ఇంచుమించు ఇలాంటి వలయం మీదే అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో లెగ్స్ ప్రయోగం ముఖ్యమైన ఫలితాలు తెచ్చింది. సెసమే పదార్థ శాస్త్రం, జీవశాస్త్రం, పురావస్తు పరిశోధనల కోసం కట్టినది. అయినా తేలిక మీసాన్ల భౌతికశాస్త్రానికి ఎప్పుడూ ప్రపంచంలోకెల్లా పెద్ద యంత్రమే కావాలనేం లేదని ఈ పోలిక చెబుతుంది.

తక్కువ శక్తుల్లో తేలినవి

ధ్రువణం మొదట తన సత్తా చూపింది 2 జీఈవీ లోపు ప్రాంతంలో. అక్కడ ఫోటాన్ తగిలిన ప్రోటాన్ ముందు ఉత్తేజిత స్థితికి పోయి, ఆ తర్వాత మీసాన్‌ను వదులుతుంది. ఇలాంటి స్థితులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మొత్తం లెక్కలో బలమైనది బలహీనమైన దాన్ని కప్పేస్తుంది. కిరణ అసౌష్ఠవంలో మాత్రం రెండింటి తరంగాల గుణకారం కనిపిస్తుంది కాబట్టి బలమైన దాని సాయంతోనే బలహీనమైనది బయటపడుతుంది.

దీనికి చక్కటి ఉదాహరణ ఈటా మీసాన్. ప్రవేశ శక్తి దగ్గర ఈటా పుట్టుకంతా ఎన్(1535) అనే ఒక్క స్థితి పనే అన్నట్టు ఉంటుంది. ఎన్(1520) ఈటాను వదిలేది చాలా అరుదు. 1990ల చివర గ్రాల్ కొలిచిన సిగ్మా విలువలను, బాన్‌లో కొలిచిన లక్ష్య అసౌష్ఠవాన్ని, మైంజ్‌లో కొలిచిన లెక్కలను కలిపి చూస్తే ఎన్(1520) ఈటాగా విడిపోయే పాలు 0.08 శాతమని తేలింది. వెయ్యికి ఒకటి కూడా లేని ఆ పాలు, మీసాన్ల సంఖ్య ఒక్కటే లెక్కిస్తే ఎన్నటికీ చిక్కేది కాదు.

రెండో ఉదాహరణ ప్రోటాన్ ఆకారం. ఫోటాన్ తగిలి ప్రోటాన్ డెల్టా(1232)గా మారేటప్పుడు ప్రధానంగా ఒక క్వార్క్ స్పిన్ తిరగబడుతుంది. ప్రోటాన్, డెల్టా రెండూ నిఖార్సైన గోళాలైతే అంతకు మించి జరగకూడదు. 1997లో మైంజ్‌లోని మామీ యంత్రం దగ్గర ఒక బృందం, బ్రూక్‌హేవెన్‌లో లెగ్స్ బృందం ధ్రువిత ఫోటాన్లతో పైయాన్లను పుట్టించి, గోళాకారం తప్పితేనే వచ్చే అంశాన్ని కొలిచాయి. మైంజ్‌కు మైనస్ 2.5 శాతం, బ్రూక్‌హేవెన్‌కు మైనస్ 3 శాతం వచ్చింది. విలువలో కాస్త తేడా ఉన్నా, అది సున్నా కాదనడంలో రెండూ ఏకీభవించాయి. ఒకరు వజ్రంతో, ఒకరు లేజర్‌తో చేసిన కొలతలు ఒక్క చోటికి చేరడం ఈ రంగానికి గట్టి పునాది వేసింది.

అయితే సిగ్మా ఒక్కటే చాలదు. పైయాన్, ఈటా వంటి స్పిన్ లేని మీసాన్ పుట్టుకను పూర్తిగా వర్ణించడానికి నాలుగు సంకీర్ణ సంఖ్యలు కావాలి. కిరణం, లక్ష్యం, వెనక్కి తన్నుకునే బేరియాన్ ధ్రువణాలను కలిపితే కొలవదగినవి మొత్తం 16. వాటిలో ఎన్ని కొలిస్తే సందిగ్ధం మిగలదన్న ప్రశ్నను 1975లో బార్కర్, డొనాచీ, స్టోరో లేవనెత్తారు. సరిగ్గా ఎంచుకుంటే 8 చాలని 1997లో చియాంగ్, టబాకిన్ చూపించారు. బాన్‌లోని ఎల్సా, మైంజ్‌లోని మామీ, అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ క్లాస్ ప్రయోగాలు 2000 తర్వాత ఈ 'సంపూర్ణ ప్రయోగం' కోసమే ధ్రువిత లక్ష్యాలను కట్టాయి. ఫలితం కళ్ల ముందుంది. ఒకప్పుడు ఒకే కొలతలను ఒక్కో సిద్ధాంత బృందం ఒక్కో రకంగా విశ్లేషించేది. కొత్త ధ్రువణ కొలతలు వచ్చాక ఆ బృందాల జవాబులు దగ్గరికి రావడం మొదలైంది. ఎన్(1900) వంటి స్థితులు అనుమానపు జాబితా నుంచి ఖాయమైన జాబితాకు మారాయి.

ఈ కొలతల మధ్య గణిత బంధాలున్నాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి తనిఖీ చేస్తాయి. దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. ధ్రువిత ఫోటాన్లతో కేయాన్, లాంబ్డా జంటను పుట్టించిన క్లాస్ ఫలితాల్లో ఆ బంధాలు పొసగాలంటే, లాంబ్డా విడిపోయే తీరును చెప్పే ఒక సంఖ్య మారాలి. దశాబ్దాలుగా పాఠ్యగ్రంథాల్లో ఉన్న విలువ 0.642. చైనాలోని బెస్-3 ప్రయోగం 2019లో దాన్ని 0.75గా కొలిచింది. అదే ఏడాది క్లాస్ ఫలితాల విశ్లేషణ 0.721 ఇచ్చింది. రెండూ పూర్తిగా కలవలేదు గానీ, పాత విలువ తప్పని రెండూ చెప్పాయి.

ఎక్కువ శక్తుల్లో చేతులు మార్చేది ఎవరు

3 జీఈవీ దాటాక కథ మారుతుంది. ఉత్తేజిత స్థితులు మసకబారతాయి, మధ్యలో మారే కణానిదే పెత్తనం అవుతుంది. 1970ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం స్లాక్‌లో బలామ్ బృందం లేజర్ దారిన 2.8, 4.7, 9.3 జీఈవీ ధ్రువిత ఫోటాన్లను బుడగల గదిలోకి పంపింది. రో మీసాన్ పుట్టేటప్పుడు ఫోటాన్ ధ్రువణాన్ని దాదాపు యథాతథంగా అందుకుంటుందని, మధ్యలో మారేది సహజ పారిటీ తెగేనని అప్పుడు తేలింది. ఒమేగా విషయంలో తక్కువ శక్తుల దగ్గర పైయాన్ వాటా పెద్దదే, శక్తి పెరిగే కొద్దీ అది తగ్గిపోతుంది. ఫై మీసాన్‌లో లెప్స్ 2005లో మరో చిక్కు బయటపెట్టింది. ముందు దిశలో ఫై పుట్టుక 2 జీఈవీ దగ్గర నునుపుగా పెరగకుండా ఒక మూపురంలా లేచింది. దాని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత చాలాకాలం ఈ శక్తుల్లో కొత్త ధ్రువణ కొలతలు పెద్దగా రాలేదు. ఆ లోటు తీర్చింది గ్లూఎక్స్. వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ పట్టణంలోని జెఫర్సన్ ల్యాబ్‌లో, హాల్-డి అనే కొత్త గదిలో ఈ ప్రయోగం నడుస్తోంది. దాని వరస ఇదీ. దాదాపు 12 జీఈవీ ఎలక్ట్రాన్ కిరణం సుమారు 50 మైక్రాన్ల వజ్రపు పలక గుండా పోతుంది. గామా కిరణాన్ని వదిలిన ఎలక్ట్రాన్‌ను అయస్కాంతంతో పక్కకు వంచి, దాని దగ్గర మిగిలిన శక్తిని కొలిచి, ఫోటాన్ శక్తిని లెక్కగడతారు. 75 మీటర్ల అవతల 5 మిల్లీమీటర్ల రంధ్రం ధ్రువణం ఎక్కువున్న నడిమి భాగాన్నే పోనిస్తుంది. ఆ తర్వాత పలుచని బెరీలియం రేకులో ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారే చర్యను చూసి ధ్రువణాన్ని కొలుస్తారు. చివరికి 2 టెస్లాల సోలెనాయిడ్ నడుమ 30 సెంటీమీటర్ల ద్రవ హైడ్రోజన్ ఉంటుంది.

ఇందులో ముఖ్యమైన మెలకువ వజ్రాన్ని తిప్పడం. ధ్రువణ గీతను 0, 45, 90, 135 డిగ్రీల దగ్గర మార్చి మార్చి పెడతారు. శోధక యంత్రంలో ఒక పక్క పనితీరు కాస్త తక్కువైనా, గీతను 90 డిగ్రీలు తిప్పి రెండు లెక్కలనూ పోల్చేసరికి ఆ లోపం చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలే ఎత్తుపల్లాలు భౌతికశాస్త్రానివే.

గ్లూఎక్స్ తొలి భౌతికశాస్త్ర పత్రం 2017లో వచ్చింది. 9 జీఈవీ దగ్గర విద్యుదావేశం లేని పైయాన్, ఈటాలకు సిగ్మా 1కి చేరువగా ఉంది. 1971 నాటి స్లాక్ కొలతల్లో పైయాన్‌కు ఒకచోట సిగ్మాలో పల్లం కనిపించింది. ఆ పల్లాన్ని నమ్మి అసహజ పారిటీ కణాలకు పెద్ద వాటా ఇచ్చిన నమూనాలున్నాయి. గ్లూఎక్స్‌లో ఆ పల్లం కనబడలేదు. 2019లో ఈటా-ప్రైమ్, 2020లో కేయాన్, సిగ్మా బేరియాన్ జంట ఫలితాలు కూడా సహజ పారిటీ తెగ వైపే మొగ్గాయి.

ఇక్కడితో ఆగితే ధ్రువణం చెప్పేదంతా ఒకటేనని అనిపించవచ్చు. 2021 నాటి పైయాన్-మైనస్, డెల్టా జంట ఫలితం ఆ భ్రమను పోగొట్టింది. ఇందులో విద్యుదావేశం చేతులు మారాలి కాబట్టి పైయాన్ మార్పిడికి తావుంది. ప్రోటాన్‌కు అందిన తాపు తక్కువగా ఉన్నచోట సిగ్మా రుణాత్మకం, అంటే పైయాన్ చేయి. తాపు పెరిగే కొద్దీ సిగ్మా సున్నాను దాటి ధనాత్మకమైంది, అంటే రో వంటి వాటి చేయి. పుట్టే మీసాన్ ఒకటే, కానీ తక్కువ తాపు దగ్గర ఒకరు, ఎక్కువ తాపు దగ్గర మరొకరు దాన్ని అందించారు. మీసాన్ల సంఖ్య ఒక్కటే చూస్తే ఈ చేతుల మార్పు ఇంత స్పష్టంగా కనిపించదు. ఈ సమీక్షలోకెల్లా ధ్రువణం విలువను సూటిగా చూపే ఫలితం ఇదే అనుకుంటాను.

2023లో వచ్చిన రో మీసాన్ కొలతలు స్లాక్ నాటి చిత్రాన్ని ఎంతో మెరుగైన నిక్కచ్చితనంతో ధ్రువీకరించాయి, తాపు పెరిగే కొద్దీ ఆ చిత్రం ఎలా చెదురుతుందో కూడా చూపించాయి.

అసలు వేట

గ్లూఎక్స్ పెట్టింది ఈ తెగల లెక్క కోసమే కాదు. క్వార్కులను బిగించే గ్లూవాన్ క్షేత్రమే ఊగి, మీసాన్ గుణాల్లో పాలుపంచుకునే సంకర మీసాన్ల వేట దాని అసలు ఉద్దేశం. మామూలు క్వార్క్, ప్రతిక్వార్క్ జంటకు కొన్ని స్పిన్-పారిటీ కలయికలు అసాధ్యం. వాటిలో ముఖ్యమైనది 1−+. అలాంటిది కనిపిస్తే అందులో క్వార్కుల జంటను మించినదేదో ఉన్నట్టే.

బ్రూక్‌హేవెన్‌లోని ఇ-852 ప్రయోగం 1997, 98లలో పైయాన్ కిరణంతో 1400, 1600 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పై-1 అని పిలిచే ఇలాంటి రెండు స్థితులను ప్రకటించింది. సెర్న్‌లోని కంపాస్ ప్రయోగం 190 జీఈవీ పైయాన్లతో మరింత విస్తారమైన దత్తాంశం తెచ్చింది. దాన్ని జేపాక్ అనే సిద్ధాంత బృందం 2019లో విశ్లేషించి, ఉన్నది రెండు కాదు, దాదాపు 1564 ద్రవ్యరాశి, 492 వెడల్పు ఉన్న ఒక్క పై-1 స్థితి చాలని చూపింది. ఫోటాన్‌కు స్పిన్ 1 ఉంది కాబట్టి క్వార్క్ స్పిన్లు ఒకే దిశగా ఉండే సంకర మీసాన్లను అది బాగా పుట్టిస్తుందని సిద్ధాంతకర్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. కానీ 2009లో క్లాస్ ఫోటాన్ కిరణంతో వెతికినప్పుడు పై-1 జాడ దొరకలేదు.

గ్లూఎక్స్ 2024లో తొలి జవాబిచ్చింది. క్వార్కుల సిద్ధాంతాన్ని కంప్యూటర్‌లో జాలకం మీద లెక్కించే లాటిస్ గణన ప్రకారం పై-1 ఎక్కువగా బి-1, పైయాన్ జంటగా విడిపోతుంది, చివరికి ఒమేగా, రెండు పైయాన్లు మిగులుతాయి. ఆ దారిలో లెక్కించి, పై-1 పుట్టుక ఇంతకు మించి ఉండదని గ్లూఎక్స్ పైహద్దు గీసింది. దాన్నిబట్టి చూస్తే ఇకపై వెతకడానికి రెండు కణాల దారుల్లో అన్నిటికన్నా అనువైనది ఈటా-ప్రైమ్, పైయాన్ జంటేనని తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ లాటిస్ గణన క్వార్కులను వాస్తవం కన్నా బరువుగా తీసుకుని చేసినది, అసలు బరువుల దగ్గరికి అంచనాగా లాక్కొచ్చినది. హద్దు ప్రయోగానిది, దాని అర్థంలో మాత్రం సిద్ధాంతం పాలు ఉంది.

ఈటా, పైయాన్ జంటలో ధ్రువణం పని మరింత సూక్ష్మం. ఇక్కడ ఏ2(1320) అనే మామూలు మీసాన్ పెద్ద శిఖరంగా నిలుస్తుంది. దానితో కలిసిపోయిన చిన్న తరంగమే సంకర మీసాన్ కావచ్చు. ధ్రువిత కిరణం ఉంటే సహజ, అసహజ పారిటీ తరంగాలు వేర్వేరు గదుల్లో పడతాయి, ఒకటి మరొకదానిలా నటించే అవకాశం తగ్గుతుంది. 2025లో గ్లూఎక్స్ సగటున 8.5 జీఈవీ దగ్గర ఏ2 పుట్టుకను మొదటిసారి ఈ రెండు గదులుగా విడదీసి కొలిచింది. కొత్త కణం ప్రకటన కాదు కాబట్టి దీనికి పెద్ద ప్రచారం రాలేదు. వేటకు మాత్రం ఇదే ముందడుగు. తెలిసిన మీసాన్ ఎవరి చేతుల మీదుగా పుడుతుందో చెప్పలేనప్పుడు తెలియని దాని గురించి చేసే ప్రకటనను నమ్మలేం.

పరిమితులు

ఈ సాధనానికి లోపాలూ ఉన్నాయి. మొదటిది పలచన. అసౌష్ఠవం కొలతలో నిక్కచ్చితనం ధ్రువణం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 35 శాతం ధ్రువణమంటే, పూర్తి ధ్రువణమున్న కిరణానికి సమానంగా తూగాలంటే ఎనిమిది రెట్ల దత్తాంశం కావాలి. రెండోది, గ్లూఎక్స్ ఇప్పటిదాకా ఇచ్చిన ఫలితాల్లో లక్ష్యానికి ధ్రువణం లేదు. తక్కువ శక్తుల్లో సంపూర్ణ ప్రయోగం తెచ్చిన తనిఖీ బలం ఎక్కువ శక్తుల్లో ఇంకా రాలేదు. మూడోది, తరంగాలను విడదీసే విశ్లేషణలో ఏయే తరంగాలను లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయం మనుషులదే. ధ్రువణం సందిగ్ధాన్ని తగ్గిస్తుంది గానీ రూపుమాపదు.

శిఖరాన్ని చూసి పరుగెత్తితే ఏమవుతుందో ఇదే రంగంలో ఒకసారి చూశాం. 2003లో లెప్స్ బృందం 1.54 జీఈవీ దగ్గర అయిదు క్వార్కుల థీటా-ప్లస్ కణాన్ని ప్రకటించింది. చాలా ప్రయోగశాలలు తమకూ కనిపించిందన్నాయి. ఆపైన క్లాస్ ఎంతో ఎక్కువ దత్తాంశంతో వెతికితే ఆ కణం దొరకలేదు. ధ్రువిత కిరణం చేతిలో ఉన్నా, అప్పటి ప్రకటన నిలబడింది ద్రవ్యరాశి శిఖరం ఒక్కదాని మీదే.

ఏమని తీర్పు?

రెండు జీఈవీ లోపు ధ్రువిత ఫోటాన్లు తమ పని దాదాపు పూర్తి చేశాయి. డెల్టా ఆకారం, ఎన్(1520) ఈటా పాలు, ఎన్(1900) ఉనికి ఇవన్నీ ధ్రువణం లేకుండా ఇంత ఖాయంగా తేలేవి కావు. తొమ్మిది జీఈవీ దగ్గర స్పిన్ లేని మీసాన్ల పుట్టుకలో ఎవరి చేయి ఎంతన్నది తేలుతూ ఉంది, పాత నమూనాల్లో కొన్నిటిని పక్కన పెట్టాల్సి వచ్చింది. సంకర మీసాన్ విషయంలో మాత్రం పని సగంలోనే ఉంది.

కాబట్టి ఫోటాన్ కిరణంలో పై-1 దొరికిందన్న వార్త రేపు వస్తే మూడు విషయాలు అడగాలి. దాని పుట్టుకలో సహజ, అసహజ వాటాలు పక్కనే ఉన్న ఏ2 వాటాలతో పాటు అర్థవంతంగా వివరించగలిగేలా ఉన్నాయా? ద్రవ్యరాశి పెరిగే కొద్దీ ఆ తరంగం దశ ఒక నిజమైన స్థితికి తగ్గట్టు కదిలిందా? ఈటా-ప్రైమ్, పైయాన్ జంటలో కనిపించినది ఒమేగా దారిలో గీసిన హద్దు లోపలే ఉందా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే నమ్మవచ్చు. అంతవరకూ ఫోటాన్ కిరణంలో పై-1 గురించి 'ఇంకా కనబడలేదు' అని రాయడమే సబబు. 'లేదు' అనడానికి ఇప్పుడున్న హద్దు చాలదు, 'ఉంది' అనడానికి పైయాన్ కిరణాల సాక్ష్యాన్ని ఇక్కడికి అరువు తెచ్చుకోకూడదు.